పదకొండో నంబరు గోనెసంచి

మా తెలుగు చర్చిలో సలోమి ఆంటీ ఇప్పటికి ఏడు పెళ్లిళ్లు కుదిర్చారు. కాఫీ షాపులో కూర్చోబెడితే మనిషి తెలియడని ఆవిడ నమ్మకం. "గంటసేపైతే ఎవడైనా మంచోడే తల్లీ. పొద్దున్నించి సాయంత్రం దాకా కలిసి తిరిగితే అప్పుడు తెలుస్తది" అన్నారు నాతో. ఆవిడ నాకు చూసిన సుధీర్ మా చర్చివాడే. శాన్ రామన్‌లో నా అపార్ట్‌మెంట్‌కి పది నిమిషాల దూరంలో ఉంటాడు. అప్పటికి రెండుసార్లు కలిశాం. రెండుసార్లూ అతనే మాట్లాడాడు, నాకది హాయిగానే ఉంది. అవునో కాదో ఆదివారం ఆరాధన అయ్యాక ఆంటీకి చెప్పాలి. ముందు రోజు శనివారం ఎక్కడికి వెళదామంటే, సుధీర్ హాఫ్ మూన్ బేలో రాక్‌ఫిష్ పట్టే పడవకి టికెట్లు బుక్ చేశాడు. నేను ఎప్పుడూ గాలం పట్టుకోలేదు. లైబ్రరీ నుంచి పసిఫిక్ చేపల పుస్తకం తెచ్చుకుని వారమంతా చదివాను. ఏ పరీక్షకైనా నేను అలాగే వెళతాను.

తెల్లవారుజామున నాలుగుంపావుకి బయలుదేరాం. సుధీర్ డ్రైవ్ చేశాడు, ఆంటీ ముందు సీట్లో, నేను వెనక. 680, 580 హైవేల మీదుగా వెళ్లి 92 పట్టుకుని శాన్ మటేయో వంతెన దాటితే, ఆ వేళకి ట్రాఫిక్ ఉండదు గనుక గంటలో రేవు చేరవచ్చు. టోల్ వెళ్లేటప్పుడే, తిరిగి వచ్చేటప్పుడు లేదు. టికెట్ మనిషికి నూట నలభై డాలర్లు, గాలపు కర్ర అద్దె ఇరవై, ఒకరోజు లైసెన్సు మరో ఇరవై చిల్లర. లైసెన్సు ముందు రోజే ఆన్‌లైన్‌లో తీసుకోవడం మంచిది. చేపలు పట్టకుండా ఊరికే కూర్చుని వచ్చేవారికి టికెట్ సగం ధరకే ఇస్తారు. ఆంటీకి అది తీసుకున్నాం.

ఈ పడవల్లో ఒక పద్ధతి ఉంది. ఎక్కేముందు ఎర అమ్మే దుకాణంలో పేరు రాయించుకుంటే, నంబరు వేసిన గోనెసంచి ఒకటి ఇస్తారు. దాన్ని పడవ అంచుకి తగిలిస్తారు. పట్టిన చేప పట్టినవాళ్ల సంచిలోకి వెళుతుంది. సాయంత్రం ఏ చేప ఎవరిదో ఆ నంబరు చూసే తేలుస్తారు. కౌంటర్‌లో ఆవిడ "కలిసి వచ్చారా? ఒక సంచా, రెండా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు సుధీర్ "ఒకటి చాలు" అన్నాడు. నావైపు తిరిగి, "అంతా మనదే కదా" అన్నాడు. ఆ మాటకి నాకు సంతోషమే కలిగింది. మాకు పదకొండో నంబరు వచ్చింది.

ఆరున్నరకి పడవ కదిలింది. వాంతుల మాత్ర ముందు రాత్రే ఒకటి, పొద్దున ఒకటి వేసుకోవాలి. ఆంటీకి ఇవ్వబోతే నవ్వారు. "చీరాల దానికి సముద్రం మాత్రా? మా తాతలు దీని మీదే బతికారమ్మా." అరగంట తిరక్కుండా ఆవిడ లోపల బల్ల మీద పడుకుని, కొంగు ముఖం మీద కప్పుకుని, తాతల్ని కాదు, దేవుణ్ణి పిలుస్తున్నారు. మధ్యాహ్నం దాకా లేవలేదు. అందుకే ఆలోగా పైన జరిగినదేదీ ఆవిడ చూడలేదు.

గంటన్నర ప్రయాణం తర్వాత కెప్టెన్ ఇంజన్ ఆపి లోతు చెప్పాడు: రెండు వందల అడుగులు. రాక్‌ఫిష్ అడుగున రాళ్ల మధ్య ఉంటాయి. సీసపు గుండు నేలకి తగిలిందని చేతికి తెలియగానే రెండు చుట్లు పైకి చుట్టాలి, లేకపోతే గాలం రాళ్లలో ఇరుక్కుంటుంది. ఇది నాకు పుస్తకం చెప్పలేదు, కెల్లీ చెప్పింది. పడవలో పనిచేసే మనిషి, నలభై ఏళ్లుంటాయి, రబ్బరు చొక్కా, బొంగురు గొంతు. "చేపపిల్లలా భయపడకు, కర్ర నిన్నేం కొరకదు" అని నా భుజం తట్టి వెళ్లింది. మొదటి గంటలో నాకు మూడు చేపలు పడ్డాయి, సుధీర్‌కి రెండు. అంత లోతు నుంచి ఒక్కసారిగా లాగడం వల్ల వాటి కళ్లు బయటికి ఉబ్బి వస్తాయి. చూడటం కష్టం. నేను కాలు జారి పడకుండా సుధీర్ నా వెనక నిలబడ్డాడు, అల్లం మిఠాయి ఒలిచి ఇచ్చాడు, నా పుస్తకం తడవకుండా తన బ్యాగులో పెట్టాడు. చెడ్డవాడని చెప్పడానికి ఆ పూట ఒక్క కారణమూ లేదు.

పదకొండింటికి నా గాలం బరువెక్కింది. రాయి అనుకున్నాను. రాయి కదిలింది. కర్ర నీళ్లదాకా వంగింది. సుధీర్ తన గాలం వదిలేసి వచ్చి నా చేతుల మీద చేతులు వేశాడు. "ఇలా ఇవ్వండి, మీవల్ల కాదు."

"వద్దు. నేనే లాగుతాను" అన్నాను.

ఆ రోజు మొత్తంలో నేను అడిగింది అదొక్కటే. అతను చేతులు తీశాడు. పావుగంట పట్టింది. అరచేయి చిట్లింది. నీళ్లలో ఆకుపచ్చటి మచ్చలు కనిపించగానే "లింగ్‌కాడ్" అన్నాను, పుస్తకంలో దాని బొమ్మ నలభైసార్లు చూశాను గనుక. నా గాలానికి చిక్కిన చిన్న రాక్‌ఫిష్‌ని అడ్డంగా కరుచుకుని, వదలకుండా, అదే పైకి వచ్చింది. కెల్లీ కొక్కెంతో అందుకుని డెక్ మీద వేసింది. నా మోకాళ్ల పైదాకా ఉంది. "ఈ వారంలో ఇంత పెద్దది చూడలేదు" అని దాన్ని సంచిలోకి జార్చి, "నంబర్ ఎలెవెన్" అని కెప్టెన్‌కి అరిచింది. పదకొండు అని మాత్రమే.

రెండున్నరకి తిరిగి వచ్చేదారిలో చేపలు కోసి ముక్కలు చేసి ఇస్తారు. కోసినందుకు మనిషికి పాతిక డాలర్లు, పైన టిప్. తలకాయలూ ముళ్లూ సముద్రంలోకి విసిరేస్తారు. కావాలంటే ముందే చెప్పాలి. సీగల్ పక్షుల అరుపులకి ఆంటీ లేచి గోడ పట్టుకుంటూ వచ్చారు. "తలకాయలు పారెయ్యొద్దని చెప్పమ్మా వాళ్లకి. పులుసంతా అందులోనే ఉంటది." కోసేముందు ఆ రోజు పెద్ద చేపని తూచి, పట్టినవాళ్లతో ఫొటో తీసి, దుకాణం గోడకి పెడతారు. పదకొండో నంబరు. కెప్టెన్ "ఎవరిది?" అన్నాడు. జనమంతా తిరిగి చూశారు. సుధీర్ చెయ్యి ఎత్తాడు.

కెల్లీ అతన్ని చూడలేదు, నన్ను చూసింది. "ఇది నువ్వు లాగిందే కదా?"

సుధీర్ నవ్వాడు. "ఒకే టీమ్" అన్నాడు ఆమెతో. నాతో మెల్లగా, "ఫొటో అంటే మీకు ఇబ్బంది కదా, అందుకే" అన్నాడు.

కాన్వెంట్‌లో పన్నెండేళ్లు, పిలిస్తే తప్ప లేవకూడదని నేర్చుకున్నాను. అయితే అక్కడ పిలిచారు. పేరు పెట్టకపోయినా, కెల్లీ నన్నే అడిగింది. నేను "ఫర్వాలేదు. అతనే పట్టాడు" అన్నాను. ఆమె భుజాలు ఎగరేసి చేపని అతనికి అందించింది. ఎలా పట్టుకోవాలో అతనికి తెలియలేదు, దవడ కింద వేళ్లు పెట్టమని నేనే చెప్పాను.

ఇల్లు చేరేసరికి ఆ ఫొటో చర్చి గ్రూపులో ఉంది. "మా సుధీర్ బంగారం, ఎంత చేప పట్టాడో" అని ఆంటీ రాశారు. కింద అందరూ దేవునికి స్తోత్రం చెప్పారు. అతను అందరికీ థ్యాంక్స్ చెప్పాడు.

ఆదివారం ఆరాధన తర్వాత ఆంటీ ఇంట్లో భోజనం. లింగ్‌కాడ్ మాంసం కోసినప్పుడు లేత నీలం రంగులో ఉంటుంది, ఉడికితే తెల్లబడుతుంది. చింతపండు పులుసులో ముక్క చెదరకుండా నిలిచింది. ఆంటీ గిన్నెలోంచి తలకాయ ఎత్తి నేరుగా సుధీర్ పళ్లెంలో పెట్టారు. "మా చీరాల్లో పెద్ద చేప తల పట్టినోడికే."

అతను నావైపు చూశాడు. ఇప్పుడైనా చెబుతాడేమో అనుకున్నాను. చిన్నగా నవ్వి, "నేను పట్టింది నేనే తినాలిగా" అని, దవడ విరిచి తినడం మొదలుపెట్టాడు.

వంటగదిలో గిన్నెలు కడుగుతూ ఆంటీ అడిగారు. వద్దన్నాను.

"ఏమైందమ్మా? తాగుతాడా? ఏమన్నా అన్నాడా?"

"లేదాంటీ. ఆ చేప నాది."

ఆవిడ కొళాయి కట్టేశారు. "అదేందే? పడవలో ఆ తెల్లావిడ అందరి ముందూ అడిగితే అతనే పట్టాడని నువ్వే కదా అన్నావు? నేను పక్కనే ఉన్నా."

"అన్నాను."

"మరి?"

నేను కొళాయి మళ్లీ తిప్పి, మిగిలిన గిన్నె కడిగాను. చేప కోసం సంబంధం వదులుకున్న పిల్ల అని ఇప్పుడు చర్చిలో నా పేరు. ఎవరైనా అడిగితే అవునంటాను.

ఆ తర్వాత ఒకసారి ఒంటరిగా ఆ రేవుకి వెళ్లాను. గోడ మీద ఫొటో ఉంది. పక్కన నా మోచేయి కొంచెం కనిపిస్తుంది. అతని మీద కోపం చాలా వరకు తగ్గింది. అతను చెయ్యి మాత్రమే ఎత్తాడు. చేపని అప్పగించింది నా నోరు, అదీ అడిగినప్పుడు, నిజం తెలిసిన మనిషి ముందు. సముద్రం, కొండలు, తిరుగు దారిలో నీళ్ల మీద ఎండ, అన్నీ బాగున్నాయని రాయాలి. బాగానే ఉండి ఉంటాయి. నాకు గుర్తున్నది అరచేతిలో చిట్లిన చోటే. అది మానిపోయింది.

వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: టికెట్లు ఎవరు కొన్నా, ఎవరితో వెళ్లినా, కౌంటర్ దగ్గర "ఒక సంచా, రెండా" అని అడిగినప్పుడు మీరే జవాబు చెప్పండి. రెండో సంచికి అదనంగా ఏమీ తీసుకోరు.