ఓడటం చేతకాని ఇర్మా గారు

ఇర్మా క్లాసన్ గారికి ఓడిపోవడం చేతకాదు. ఇది పొగడ్త కాదు, ఆవిడలో ఉన్న లోపం. కొందరికి ఈత రాదు, కొందరికి ఈల వెయ్యడం రాదు, ఈవిడకి ఓటమి రాదు. డెబ్బై ఏళ్ళు దాటినా నేర్చుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

మా విలోబెండ్‌లో చలికాలమంతా ఊరు ఊరంతా కర్లింగ్ క్లబ్బులోనే కాపురం ఉంటుంది. మంచు పలక మీద బరువైన రాతిని జార్చి వదలాలి. అవతలి చివర గీసిన వలయాల నడిమికి అది చేరేలా, దాని ముందు చీపుళ్ళతో ఊడుస్తూ పరిగెత్తాలి. వలయాల దగ్గర నిలబడి జట్టు నాయకులు అరుస్తారు. మిగతా నాయకులు అవసరమైనప్పుడు అరుస్తారు. ఇర్మా గారు ఊపిరి తీసుకోవడానికి మాత్రమే ఆపుతారు.

ఆవిడ జట్టులో మొదటి రాళ్ళు వేసేది నేనే. పట్నంలో సాహిత్యం ఎం.ఏ. చదువుతూ శని ఆదివారాలకి ఊరొస్తుంటాను. నలుగురిలో నోరు విప్పలేని నన్ను ఏం చూసి ఎంచుకున్నారో అర్థంకాక ఒకసారి అడిగాను.

"నువ్వు మాట్లాడవు. మాట్లాడనివాళ్ళు బాగా ఊడుస్తారు," అన్నారు.

క్లబ్బు గోడ మీద, 'గెలుపు కాదు, ఆట ముఖ్యం' అని ఎవరో పాతకాలపు సభ్యురాలు ఊలుతో కుట్టిన పటం ఒకటి వేలాడుతుంది. ఇర్మా గారు రాగానే కోటు విప్పి దానికే తగిలిస్తారు. పక్కన ఎన్ని కొక్కేలు ఖాళీగా ఉన్నా సరే.

మంచు పలక దిగినంత మాత్రాన ఆవిడ పోటీ ఆగదు. పొరుగింటి హెల్గా ఒకరోజు, "నిన్న రాత్రి మా వాకిట్లో మైనస్ ముప్పై తొమ్మిది, తెలుసా?" అంది. ఇర్మా గారి వాకిట్లో ముప్పై ఏడే. మర్నాడు చూస్తే ఆవిడ ఉష్ణమాపకం వాకిట్లోంచి పెరట్లో గాలి కొట్టే మూలకి మారింది. డాక్టరు రక్తపోటు చూసి బాగానే ఉందంటే, "ఊళ్ళో నాకంటే బాగా ఎవరికుంది?" అని అడిగారట. మనవరాలిని అయిదేళ్ళప్పుడు పేకాటలో ఓడించి ఏడిపించారు. కోడలు పరిగెత్తుకొచ్చింది.

"చిన్నపిల్ల అత్తయ్యా! ఒక్కసారి ఓడిపోతే ఏం పోయింది?"

"ఓడిపోతే దానికేం వస్తుంది?" అని, ఇర్మా గారు పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఏడవకమ్మా. నీ రాణిని తొందరపడి పారేశావు. ఎప్పుడు పారెయ్యాలో చెప్తా, చూడు," అన్నారు. ఇప్పుడా పిల్లతో పేకాడటానికి మా ఊళ్ళో పెద్దవాళ్ళే జంకుతారు.

ఆట మొదలయ్యేలోగా నేను బల్ల మీద కూర్చుని నవల చదువుకుంటుంటే ఆవిడకి ఒకటే సందేహం.

"చివరికి ఎవరు గెలిచారు?"

"ఎవరూ గెలవలేదండీ. ఆమె అలా సముద్రం వైపు చూస్తూ ఉండిపోయింది."

"అయితే సముద్రం గెలిచిందన్నమాట."

ఆ నవల మీద మా ప్రొఫెసరు రెండు గంటలు ఉపన్యసించారు. ఇంత తేల్చి చెప్పలేకపోయారు.

కర్లింగులో ఒక ఆచారముంది. ఆట అయ్యాక గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి బీరు పోయించి, వాళ్ళతో ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఇర్మా గారు ఆచారం తప్పరు. బీరు పోయించి, ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, వెన్న గిన్నె బల్ల మీద వరసగా పేర్చి, "ఇదిగో, నీ రాయి ఇక్కడుంది. నేనిక్కడ. అప్పుడు నువ్వేం చేశావు? తెలివితక్కువ పని చేశావు. అదేమిటంటే..." అని మొదలుపెడతారు. ఆవిడ చేతిలో ఓడటానికి ఎవరూ భయపడరు. ఆ ఉప్పు డబ్బాకే భయపడతారు.

ఆవిడకి దీటుగా ఆడగలిగింది ఊళ్ళో ఒక్కరే, ఆర్విడ్ లిండ్‌క్విస్ట్ గారు. ఇద్దరూ ఒకే బడిలో ఒకే తరగతి. పోయిన వసంతంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు సగం మొరాయించాయి. మాట వెతుక్కుని వెతుక్కుని వచ్చేది. మంచు మీద మోకాలు వంచి రాయి జార్చలేనివాళ్ళు నిలబడి కర్రతో తోసుకోవచ్చని ఆటలో వెసులుబాటుంది. చలికాలం మొదలవగానే ఆయన కర్ర పట్టుకుని క్లబ్బుకొచ్చారు. మొదటి ఆటలో ఆయన రాళ్ళు ఒక్కటీ వలయాల దాకా రాలేదు.

ఆ సాయంత్రమే ఊరు ఒక నిర్ణయానికొచ్చింది. ఎవరూ పైకి అనలేదు కానీ, ఆర్విడ్ గారితో ఎవరాడినా ఓడిపోవాలి.

కావాలని ఓడటం ఎంత కష్టమో మాకప్పుడే తెలిసింది. ఇనుప సామాన్ల కొట్టు ఫెర్గస్ గురి తప్పించబోయి తనే కాలు జారి పడ్డాడు. వదిలేసిన రాయి దేనికీ తగలకుండా వెళ్ళి సరిగ్గా నడిమి చుక్క మీద కూర్చుంది. జన్మలో వాడు అంత బాగా వెయ్యలేదు. వెంటనే లేచి, రెండో రాయితో దాన్ని తనే కొట్టి బయటికి తోశాడు. "అయ్యో, పొరపాటు!" అని తల పట్టుకున్నాడు. మంచుకి అడ్డంగా కట్టిన అద్దం వెనక కూర్చుని చూస్తున్న మేమంతా వాడి మంచి మనసుకి కళ్ళు తుడుచుకున్నాం.

ఆర్విడ్ గారు అలా గెలుస్తూ గెలుస్తూ క్లబ్బు పోటీల చివరి ఆటకి వచ్చేశారు. అవతలి పక్కనుంచి ఎవరొచ్చారో చెప్పక్కర్లేదు.

క్లబ్బు అధ్యక్షురాలు గ్లెనిస్ నన్ను వంటగదిలోకి లాగింది. "నీ మీదయితే ఆవిడ అరవదు. వెళ్ళి చెప్పు. ఆయన ఈ ఆటతో మానేస్తానంటున్నాడట. గెలుపుతో మాననిద్దాం."

"నేనా? నా వల్ల కాదు గ్లెనిస్..."

"నువ్వు చదువుకున్నదానివి. మాటలు తెలుసు."

మాటలు తెలియడం వేరు, నోట్లోంచి రావడం వేరు. ఇర్మా గారు బూట్లకి తాళ్ళు కట్టుకుంటుంటే పక్కన కూర్చుని, దయ గురించి, క్రీడాస్ఫూర్తి గురించి ఇంట్లో రాసుకుని కంఠస్థం చేసినదంతా మింగేసి, "ఆర్విడ్ గారు... పాపం..." అన్నాను.

"ఎవరు పాపం?"

"ఆయనకిదే ఆఖరి ఆటట. ఈ ఒక్కటీ వదిలేస్తే..."

ఆవిడ తాడు లాగి బిగించారు. "నన్ను ఓడమంటున్నావా పిల్లా?"

"ఊరంతా అంటోంది."

"ఊరికి చెప్పు. ముందు నా పళ్ళన్నీ పీకమను, ఆ తర్వాత అడగమను."

ఆట మొదలైంది. మొదటి సగంలోనే ఏడుకి ఒకటి. ఏడు మావి. నేను ఊడుస్తూ సిగ్గుతో చచ్చిపోతున్నాను. "గట్టిగా ఊడ్వు! ఏమిటది, పిల్లి వీపు నిమురుతున్నావా?" అని ఇర్మా గారు. అద్దం వెనక నుంచి, "సిగ్గులేదా ఇర్మా!" అని ఎవరో. "ఉంది, చివర్లో పడతా!" అని ఈవిడ.

గెలిచే ఆశ లేదనుకున్న నాయకుడు ఎదుటివారితో చెయ్యి కలిపి ఆట ముగించడం మా మర్యాద. ఆర్విడ్ గారు కర్ర ఎడమచేతికి మార్చుకుని మెల్లగా ఇర్మా గారి వైపు వచ్చారు. అద్దం వెనక అందరూ లేచి నిలబడ్డారు. చప్పట్లకి చేతులు కూడా సిద్ధం చేసుకున్నారు.

"చెయ్యి..." అన్నారాయన. మాట వెతుక్కున్నారు. "చెయ్యి నీకివ్వను గాక ఇవ్వను, మొండిముండా!"

పక్షవాతం వచ్చాక ఆయన నోటినుంచి తడబడకుండా వచ్చిన మొదటి మాట అది.

"ఇవ్వకు. కాచుకో," అన్నారు ఇర్మా గారు. ఆవిడ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఆయన ఆడారు. కర్రతో తోసిన రాయి మా రెండు రాళ్ళ మధ్య సందులోంచి దూరి, మూడోదాన్ని లేపేసింది. ఇంకోటి చాటుగా వెళ్ళి దాక్కుంది. ఏడుకి మూడు. ఏడుకి ఆరు. ఇర్మా గారి గొంతు పోయి, చీపురుతోనే అరుస్తున్నారు. ఆఖరి రాయి ఆర్విడ్ గారిది. నడిమి చుక్కకి మాకంటే దగ్గరగా చేరితే ఆట సమానమవుతుంది. అది వచ్చి మా రాయి పక్కనే ఆగింది. కంటికి తేడా తెలియలేదు. ఇనుప కొలబద్ద తెచ్చి తిప్పి చూశారు. గోరంత తేడా. మాదే దగ్గర.

ఆ హాల్లో ఇర్మా గారొక్కరే చీపురు పైకెత్తి, పోయిన గొంతుతో, "గెలిచాం!" అన్నారు.

ఆట అయ్యాక బల్ల మీద, బంగాళదుంప కూరి ఉడికించిన పెరోగీల పళ్ళెం చల్లారిపోతోంది. గ్లెనిస్ ఉండబట్టలేకపోయింది. "ఒక్క ఆట, ఇర్మా. ఆయనకోసం ఒక్క ఆట వదలలేకపోయావా?"

ఆర్విడ్ గారు గ్లాసు బల్ల మీద టప్పున పెట్టారు.

"మీరు వదిలారుగా. చలికాలమంతా. పక్షవాతం వచ్చింది నా చేతికి. కళ్ళకి కాదు. ఫెర్గస్ తన రాయిని... తనే కొట్టాడు. నాకు తెలీదనుకున్నారా?"

ఫెర్గస్ పెరోగీ వైపు చూశాడు.

"పైగా గెలిచినందుకు మీకందరికీ బీరు... నేనే పోయించాను! మీ దయ తట్టుకోలేక... ఇల్లు అమ్ముకునేవాణ్ణి."

మొదట నవ్వింది గ్లెనిసే. తర్వాత ఎవరూ ఆపుకోలేదు.

"క్రిస్మస్‌కే మానేద్దామనుకున్నాను," అన్నారాయన, నవ్వులు తగ్గాక. "ముసలి కుక్కని నిమిరినట్టు నిమురుతుంటే... ఎంతకాలం? ఈవిడకి చెప్పాను. ఏమందో తెలుసా? 'నువ్వు రాకుండా నేను గెలిస్తే అది గెలుపు కాదురా, సెలవు' అంది. మర్నాడు పొద్దున్నే కారేసుకొచ్చి... నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది. ఆ రోజు నుంచి రోజూ. కర్రతో ఎలా తొయ్యాలో నాకు చెప్పడానికి ముందు తను నేర్చుకుంది. అందులోనూ నన్ను ఓడించింది. ఒక్క రోజు వదల్లేదు."

అందరం ఇర్మా గారి వైపు తిరిగాం. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"అబద్ధం. జబ్బు చేసినప్పట్నుంచీ వీడికి జ్ఞాపకం సరిగా లేదు. సరేగానీ ఒరేయ్, ఆ ఆఖరి రాయి..." అంటూ మిరియాల డబ్బా అందుకున్నారు.

"అది అక్కడ లేదే. ఇటు," అని ఆర్విడ్ గారు కుడిచేత్తో, వణుకుతున్న కుడిచేత్తో, డబ్బాని రెండంగుళాలు జరిపారు. "గురువారం నాకు ఫెర్గస్‌తో ఆట ఉంది. ఒరేయ్ ఫెర్గస్, ఈసారి గురి చూసి వెయ్యి."

"పోయినసారీ గురి చూసే వేశానండీ. తప్పించడానికి," అన్నాడు ఫెర్గస్ దీనంగా.

గురువారం ఫెర్గస్ నిజంగా గెలవాలనే ఆడాడు. చెమటలు కక్కాడు. పళ్ళు కొరికాడు. దారుణంగా ఓడిపోయాడు. ఆట అయ్యాక ఎవరూ నమ్మలేదు. బల్ల బల్ల దగ్గరికీ వెళ్ళి, "నిజంగానే ఓడానండీ, ఒట్టు!" అని మొత్తుకున్నాడు. అందరూ భుజం తట్టి, "ఎంత మంచి మనసు నాయనా నీది," అన్నారు.

నమ్మింది ఇర్మా గారొక్కరే. వాణ్ణి ఎగాదిగా చూశారు.

"మంచి మనసూ లేదు, గాడిదగుడ్డూ లేదు. నువ్వు మోకాలు సరిగా వంచవురా. రేపు పొద్దున్నే ఆర్విడ్‌తో పాటు నువ్వూ రా. నిన్ను కూడా ఓడిస్తాను."