‘లైను పోతే?’ అనే గడి

నా ఉద్యోగం ఏమిటో మా అత్తగారికి అర్థమయ్యేలా చెప్పడం ఇప్పటివరకూ నావల్ల కాలేదు. "మా అల్లుడు కంప్యూటర్లు బిగిస్తాడు" అని ఆవిడ అందరికీ చెబుతుంది. నిజానికి నేనేదీ బిగించను. ఎక్కడ బిగించాలో, ఎలా బిగించాలో కాగితం మీద రాస్తాను. బిగించేవాళ్లు వేరే ఉంటారు. పెళ్లిళ్లలో వంట చేయకుండా, వడ్డించకుండా, ఆకులు ఎటువైపు నుంచి వేయాలో చెబుతూ తిరిగే పెద్దమనిషి ఒకడుంటాడు కదా, నేను ఆ బాపతు.

ఆ వేసవిలో నాకు అప్పగించింది నల్లపాడు దాటాక ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. హైదరాబాదు కంపెనీ ఒకటి దాన్ని కొత్తగా తీసుకుంది. ఎండుమిరపకాయలు తొక్కి కుట్టిన గోతాలను ఇక్కడ టిక్కీలంటారు. ఏ రైతువి ఎన్ని టిక్కీలు లోపలున్నాయో ఆ వివరమంతా హైదరాబాదు కంప్యూటర్లో ఉంటుంది. ఇక్కడి కౌంటర్లో అడిగితే అక్కడినుంచి అనుమతి వచ్చి గేట్ పాస్ అచ్చవుతుంది. పాస్ లేనిదే టిక్కీ గేటు దాటదు.

ఆ రాకపోకలకు కాపలాగా ఒక పెట్టె పెట్టాలి. పూర్వం దారి చూపడానికి రౌటరు, దొంగల్ని ఆపడానికి ఫైర్‌వాలు అని విడివిడి పెట్టెలుండేవి. ఇప్పుడు అవన్నీ ఒకే చిన్న కంప్యూటర్లో సాఫ్ట్‌వేరుగా ఇమిడిపోయాయి. ఉన్నాయంటే ఉన్నాయి, తీసి చూపించమంటే లేవు. ఈ రకాన్ని వర్చువల్ అంటాం. మా ఆఫీసులో నా ప్రమోషన్ కూడా చాలాకాలంగా వర్చువల్‌గానే ఉంది. పెట్టె ఉండేది హెడ్డాఫీసులో కాదు, పని జరిగే చిట్టచివరి చోట. దానికి మావాళ్లు పెట్టిన పేరు ఎడ్జ్, అంటే అంచు. చీరకైతే అంచే అందం. మా నెట్‌వర్కుకు అంచంటే ఎలుకలూ, ఎర్తింగ్ లేని ప్లగ్గులూ.

పెట్టెకు చోటు చూడటానికి ఒక ఉదయం టేపు పట్టుకుని అక్కడికి వెళ్లాను. సర్వే ఫారంలో ‘ధూళి ఉందా?’ అని ఒక గడి ఉంది. తుమ్ముతూనే ‘ఉంది’ అని టిక్కు పెట్టాను. మేనేజరు గారు నెమ్మదైన మనిషి. పాత యజమాని కాలం నుంచీ అక్కడే ఉన్నారు.

"మీ పెట్టె చల్లగా ఉండాలన్నారు కదండీ," అన్నారు ఆయన. "చల్లదనానికి మా దగ్గర కరువేముంది? మూడో చాంబర్లో పెట్టేద్దాం."

"లోపలున్నంతసేపూ బాగానే ఉంటుందండీ. ఏ రిపేరుకో బయటికి తెస్తే చెమ్మపట్టి చస్తుంది."

"అయితే అదీ మా మిరపకాయ లాంటిదే. లోపలున్నంతవరకూ రాజా, బయటికొస్తే చెమటలు."

ఆ మాటకి నవ్వుకుంటూ కౌంటరు దగ్గరకు వచ్చేసరికి హైదరాబాదుతో కలిపే ఇంటర్నెట్ లైను పోయింది. రోడ్డు పక్కన కాలవ తవ్వుతున్న జేసీబీ మా తీగను కూడా తవ్వేసింది.

అక్కడి పద్ధతి ఏమిటంటే, సరుకు ముందు, కాగితం తర్వాత. ఎండెక్కకముందే మూటలు మోసే ముఠావాళ్లు చాంబరు తెరిచి, ఆరోజు వేలానికి మిర్చి యార్డుకు పోవాల్సిన టిక్కీలను వరండాలోకి మోసేస్తారు. పాస్ వచ్చేలోపు లారీ వెనక్కి పెట్టుకుంటారు. చేతిరాత పాసుల కాలం నుంచీ అంతే. నా ప్లానులో మాత్రం బాణం గుర్తులు తిరగేసి ఉన్నాయి: ముందు అనుమతి, తర్వాత సరుకు. ఆ బాణాలు గీసేటప్పుడు నేను ఏసీ గదిలో ఉన్నాను.

ఆ రోజు వరండాలో ఉన్న టిక్కీలన్నీ ఒక్కావిడవే. ఒంగోలు అవతలి పల్లె నుంచి చీకటితోనే బయల్దేరి వచ్చిందట. ఏడాది పంట అది. మర్నాటి నుంచి యార్డుకు వేసవి సెలవులు. ఆ రోజు వేలానికి అందకపోతే మళ్లీ యార్డు తెరిచేదాకా ఆగాలి. చల్లటి చోటు నుంచి వడగాలిలోకి వచ్చిన టిక్కీలు అప్పటికే చెమ్మ పడుతున్నాయి.

"కంప్యూటరాయన వచ్చాడన్నారు. నువ్వేనా నాయనా?" అంది నన్ను చూసి.

"నేనేనమ్మా. కానీ బాగుచేసేవాణ్ణి కాదు."

"మరి?"

"ప్లాను వేసేవాణ్ణి."

"ఏం ప్లాను?"

"ఇలా జరగకుండా ఉండటానికి."

ఆవిడ టిక్కీల వంక చూసి, నా టేపు వంక చూసింది. "జరిగింది గదయ్యా," అంది.

ముఠా మేస్త్రి గోడకు ఆనుకుని బీడీ వెలిగించాడు. "ఒక్క తీగ తెగితే ఇంత స్టోరేజీ చతికిలబడిద్దా మేనేజరు గారూ? మా ముఠాలో ఒకడు రాకపోతే పక్కోడు మోస్తాడు."

నా సెల్‌ఫోన్ ఇంటర్నెట్ మీద కౌంటరు కంప్యూటరును కలిపి చూశాను. హైదరాబాదు ఒప్పుకోలేదు. ఆ ఒక్క లైను మీద నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి అడిగినా పలకొద్దని వాళ్లకు సలహా ఇచ్చింది మా కంపెనీయే. ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, ఫిర్యాదు ఆన్‌లైన్లో నమోదు చేయమంది. ఆన్‌లైనే లేదన్నాను. వచ్చాక నమోదు చేయమంది. మేనేజరు గారు చేత్తో రాసిస్తానన్నారు గానీ, గేటు దగ్గర సెక్యూరిటీ అతను, "నా ఉద్యోగం పోయిద్ది సార్," అన్నాడు. నిజమే, పోతుంది.

ఆవిడ మాటిమాటికీ లేచి వెళ్లి టిక్కీని అదిమి చూసి, చెయ్యి చీరకు తుడుచుకుని వచ్చి కూర్చుంటోంది. గోతాల మీద తడి మరకలు పెరుగుతున్నాయి. నేను గది కొలతలు రెండోసారి తీసుకున్నాను. అక్కడ నా చేతనైన పని అదొక్కటే.

యార్డులో వేలం ముగిశాక లైను వచ్చింది. ప్రింటరు మహా ఉత్సాహంగా పాస్ అచ్చేసింది. దాన్ని చేతిలోకి తీసుకునేవాళ్లు లేరు.

"లోపల పెట్టించమంటారా అమ్మా?" అన్నారు మేనేజరు గారు.

"తడితో లోపల పెడితే బూజు పడిద్దని మీకు తెలవదా?"

కుట్లు విప్పించి కాయలన్నీ సిమెంటు నేల మీద ఆరబోయించింది. మళ్లీ ఎండితే రంగు తగ్గుతుంది. రంగు తగ్గితే ధర పలకని తాలుకాయల వరసలోకి దిగుతుంది. అది ఆవిడకూ తెలుసు, మేస్త్రికీ తెలుసు. నేనూ కాసేపు చేతులతో సర్దాను. అవే చేతులతో మొహం తుడుచుకుని కళ్లమ్మట నీళ్లు కారుతూ నిలబడ్డాను. మిరపకాయ చెయ్యి కంటికి తగిలింది, అంతకు మించి ఏమీ లేదు. ఆవిడే చెంబుతో నీళ్లిచ్చింది.

"కొత్త పెట్టె వస్తే ఇట్టా జరగదుగా నాయనా?"

ఫారం నా జేబులోనే ఉంది. అందులో ‘లైను పోతే?’ అనే గడి ఉంది. హైదరాబాదు హెడ్డాఫీసువాళ్లు దాన్ని ముందే నింపి పంపారు: పని నిలిపివేయాలి.

"చూస్తానమ్మా," అన్నాను.

చూశాను కూడా. పెట్టెలో చోటుంది, సరుకు వివరాల నకలు ఒకటి అందులోనే ఉంచుదాం, లైను లేనప్పుడు పాసులు అక్కడే ఇచ్చి వచ్చాక సరిచూసుకుందాం అని ప్లానులో రాశాను. లైను లేనప్పుడు ఎవరైనా ఏదైనా దాటించవచ్చు కాబట్టి కుదరదని జవాబొచ్చింది. పోనీ, రెండో లైను ఒకటి వేయిద్దామన్నాను. రెండో దశలో చూద్దామన్నారు. "వాళ్లడిగింది పెట్టవయ్యా, మనకెందుకు?" అన్నాడు మా బాసు. రెండో దశ ఇంతవరకూ రాలేదు. అదీ వర్చువలే.

వానాకాలంలో పెట్టె బిగించారు. మరుసటి వేసవిలో ఒకరోజు మేనేజరు గారు ఫోన్ చేశారు.

"సార్, లైను పోయింది. మీ పెట్టె మీరు రాసినట్టే చేసింది."

"ఏం చేసింది?"

"ఏమీ చేయలేదు."

ఆవిడ గురించి అడిగాను. ఆరబోసిన కాయలు, యార్డు తెరిచాక తాలు ధరకే పోయాయట. ఈ ఏడు మళ్లీ తెచ్చి ఇక్కడే పెట్టింది. ఇప్పుడు ముందుగా కౌంటరు కిటికీ దగ్గరకు వచ్చి, పెట్టె మీద పచ్చలైటు చూసి, పాస్ చేతికి వచ్చాకే మేస్త్రిని చాంబరు తెరవనిస్తుందట. అప్పటికి ఎండెక్కుతుంది. ఎండలో మోయలేక ముఠావాళ్లు తిట్టుకుంటారు.

"ఇవాళ కూడా ఇక్కడే ఉందండీ. ఎర్రలైటు చూసి మెట్టు మీద కూర్చుంది. ఫోనివ్వమంటారా?"

వద్దనబోయాను. ఆయన ఈలోపే ఇచ్చేశారు.

"ఎప్పుడొచ్చిద్ది నాయనా లైను?"

"తెలియదమ్మా."

"సర్లే. కాయలు ఈసారి లోపలే ఉన్నాయి, తడవలా," అంది నన్నే ఓదారుస్తున్నట్టు. తర్వాత ఫోను పక్కకు జరిపి, యార్డులో వేలం మొదలైందేమో కనుక్కోమని మేనేజరు గారిని అడగడం వినిపించింది. ఆయన జవాబు నాకు వినపడలేదు.