బస్తాకు రెండు సేర్ల దుమ్ము

మా మేనమామకూ నాకూ పగ ఎందుకని అడిగితే సూర్యాపేట బజారులో ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెప్పేవారు. పిల్లనిస్తానని ఇవ్వలేదని కొందరు, మా నాన్న పోయినప్పుడు ఆసరా కాలేదని కొందరు. రెండూ నిజమే గాని, పగకు అవి చాలవు. అసలు కారణం ఆయన బియ్యం మిల్లు. అది మా కిరాణా కొట్టు వెనక, మేం కాపురముండే ఇంటి గోడకు ఆనుకొని ఉండేది.

వడ్ల మీద కంటికి ఆనని ముల్లు లాంటి పొడి ఉంటుంది. మేం దాన్ని నూగు అంటాం. ఒంటికి తగిలితే దురద, ఊపిరిలోకి పోతే దగ్గు. మిల్లు ఆడుతున్నంతసేపూ లోపలి పంకా ఆ నూగునంతా ఒక గొట్టం గుండా మా పెరట్లోకి ఊదేది. మా బెల్లం, మా చింతపండు, మా తలలు అన్నీ ఒకటే రంగు. దానికి నేను ఓర్చుకునేవాణ్ణే. దుమ్ము పట్టిన చింతపండు నాలుగు గింజలు ఎక్కువే తూగుతుంది.

ఓర్చుకోలేనిది మా అమ్మ దగ్గు. ఆమెకు ఉబ్బసం. రజాకార్ల భయానికి మిల్లు మూతపడ్డ కాలంలో ఊరంతా ఊపిరి బిగబట్టుకొని బతికితే, ఊపిరి ఆడిన మనిషి మా అమ్మ ఒక్కతే. సైన్యం వచ్చింది, బజారు తెరుచుకుంది, మిల్లు మళ్లీ మొదలైంది. ఆ చలికాలం ఆమె పడుకోలేకపోయింది. పడుకుంటే ఊపిరి అందదు. గోడకు చేరగిలబడి కూర్చునే కునికేది. హకీం నాడి చూసి, నన్ను బయటికి పిలిచి, "ఈ దుమ్ములోనే ఉంచితే వచ్చే చలికాలం దాటదు, సేటు. మందు నా దగ్గర లేదు, నీ గోడ అవతల ఉన్నది" అన్నాడు. ఇల్లూ కొట్టూ ఒకటే కప్పు కింద. విడిచిపోదామంటే కూడు ఆ కొట్టులోనే ఉంది.

మా అమ్మ ఆయనకు సొంత అక్క. తల్లి లేని పిల్లవాణ్ణి చంకనెత్తుకొని పెంచింది. అది గుర్తు చేద్దామని మిల్లుకు పోయాను.

"మామా, ఆ గొట్టం జర అటు తిప్పు."

"అటు తిప్పితే అటోడు కొట్లాటకు వస్తడు. నువ్వంటే సొంతోనివి, పడుంటవ్."

"మీ అక్క సస్తది."

"మా అక్కకు పోరిగ ఉన్నప్పటి సంది దగ్గే. మిల్లు నిన్నగాక మొన్న పెట్టిన. దగ్గు ముందా, మిల్లు ముందా? నువ్వు లెక్కలోనివి గద, సెప్పు."

నేను లెక్కలవాణ్ణే. దవాఖానలో ఊరికే ఇచ్చే మందుకు కూడా కొసరు అడిగి రెండు గోలీలు ఎక్కువ తెచ్చుకున్న ఘనుణ్ణి. కానీ ఆ పూట ఆ లెక్క అక్కడే వదిలి బయటికి నడిచాను. బజారు పెద్దలు ముగ్గురిని పట్టుకొని, రోజూ వాళ్ల అరుగుల మీద కూర్చుని, వాళ్లకు విసుగు పుట్టించాను. విసుగు పుట్టించడంలో నాది అందె వేసిన చెయ్యి. చివరికి వాళ్లు మామను పిలిచి, దుమ్ముకు ఏదో ఒకటి చెయ్యమన్నారు.

చేశాడు. కోదాడ నుంచి ఒకాయనను పిలిపించాడు. ఇంజన్ల సామాను అమ్మే మనిషి, సరుకు బెజవాడ నుంచి తెచ్చేవాడు. ఆయన దగ్గర దుమ్ము పట్టే మిషన్ ఉందట. రేకుతో చేసిన పెద్ద గరాటు. దుమ్ముగాలిని పక్కనుంచి లోపలికి తోస్తే అది గిరగిరా తిరుగుతుంది, దుమ్ము రేకుకు కొట్టుకొని కింద సంచిలో పడుతుంది, ఒట్టి గాలి పైనుంచి పోతుంది. దాని పేరు సైక్లోన్ అన్నాడు.

"సైక్లోన్ అంటే?" అన్నాను.

"తుఫానండి."

"తుఫాను కొనుక్కొని ఇంట్ల పెట్టుకునే మొగోడు మా మామనే."

"పనితనం నూటికి తొంభయ్యండి," అన్నాడాయన, నా మాట చెవిన వేసుకోకుండా. "కావాలంటే మిర్యాలగూడలో ఒక మిల్లుకు పెట్టించాం. వచ్చి కళ్లారా చూసుకోండి."

ముగ్గురం బొగ్గుతో నడిచే బస్సెక్కి మిర్యాలగూడ పోయాం. దారి పొడుగునా మామ నాతో మాట్లాడలేదు. నాకు వినపడేలా ఆయనతో మాట్లాడాడు. "కొందరికి అమ్మ ఒక వంక. మిల్లు మూతబడాలె, అదీ అసలు సంగతి." నేను కూడా కోదాడ ఆయనకే చెప్పాను. "కొందరికి అక్క ఎందుకు? పీనుగ లేచినాక బోరున ఏడ్సేటందుకు." మధ్యలో కూర్చున్న ఆ మనిషి బస్సు ఆగిన ప్రతిచోటా దిగి బీడీ తాగాడు.

మిర్యాలగూడలో గరాటు కింది సంచి విప్పి చూపించాడు. నిండుగా ఉంది. మామ మొహం విప్పారింది.

"సూసినవా? ఇంత దుమ్ము పట్టింది. ఇగ నీ నోరు ఖతం."

నేను సంచిలో చెయ్యి పెట్టాను. ఊక ముక్కలు, తవుడు, మట్టి. బరకగా ఉంది, చేతికి దురద లేదు. నిచ్చెన అడిగి మిల్లు కప్పెక్కాను. గరాటు గాలి పోయే చోట పెంకుల మీద మెత్తటి పొడి, పిండి జల్లించినట్టు. వేలితో రాస్తే అంటుకుంది, దురద పుట్టింది. దిగొచ్చాను.

"అయ్యా, నూటికి తొంభై అన్నవు. ఏ నూటిలో?"

"అంటే?"

"కింద పడ్డది సంచిల ఉన్నది, తూసినవ్. సంతోషం. పైకి పోయింది ఎవడు తూసిండు?"

"గాలిలో పోయినదాన్ని ఎలా తూస్తామండీ?"

"మరి లోపలికి ఎంత పోయిందో తూసినవా?"

ఆయన మామ వైపు చూశాడు. "కంపెనీవాళ్లే తొంభై అని రాశారండి. మనం కొత్తగా తూచేదేముంది?"

"లోపలికి పోయిందెంతో తెల్వది, పైకి పోయిందెంతో తెల్వది. పట్టింది మాత్రం తొంభై. నా కొట్ల గిట్ల తూకమేస్తే జనం నన్ను రాళ్లతోని కొడుదురు."

మామ అక్కడే బేరం కుదుర్చుకున్నాడు. నా మీద కోపంతో బేరమాడకుండా కొన్నాడు. మా వంశంలో అంతటి కోపం ఎవరికీ వచ్చి ఉండదు.

గరాటు సూర్యాపేట చేరింది. మిల్లు ఆడింది. పెరట్లో ఊక ముక్కలు రాలడం మానేశాయి. నూగు మానలేదు. అమ్మ గోడకు చేరగిలబడే ఉంది. నేను మళ్లీ అరుగులెక్కాను. పెద్దలు ముగ్గురూ మిల్లు ఆవరణలోకి వచ్చారు. మామ కోదాడ ఆయన్ని కూడా పిలిపించి ఉంచాడు. మామ సంచి చూపించాడు, నేను అమ్మను చూడమన్నాను. సంచి కళ్ల ముందుంది, దగ్గు గోడవతల ఉంది. పెద్దలు సంచి వైపే మొగ్గారు.

అప్పుడు తిరుమలగిరి నుంచి వడ్ల బండ్లు వచ్చాయి. మామ అలా వచ్చిన వడ్లు కొని ఆడించుకునేవాడు. తూకం దగ్గర గొంగడి కప్పుకున్న ఒక ముసలాయనకూ మామకూ మాటామాటా పెరిగింది.

"రెండు సేర్లు కోస్తవా సేటు? గొర్లమ్మి పండించిన వడ్లయి. జర సూడు."

"దుమ్మున్నదయ్యా. బస్తాకు రెండు సేర్ల దుమ్ము. తరుగు తియ్యకుండ నేను దుమ్ము తినాల్నా?"

తరుగు అంటే తెలియని రైతు లేడు. సరుకులో దుమ్మూ ధూళీ పోతుందని చెప్పి, ముందే తూకంలో కోసుకునేది. వ్యాపారి అన్న ప్రతివాడూ కోస్తాడు. చింతపండులో నేనూ కోస్తాను. మామ ఏ బండి వచ్చినా, ఏ వడ్లు వచ్చినా, కళ్లు మూసుకొని బస్తాకు రెండు సేర్లు కోసేవాడు.

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. లోపలికి ఎంత దుమ్ము పోతుందో ఎవరూ తూచలేదని మిర్యాలగూడ నుంచి నేను గింజుకుంటున్నాను. తూచినవాడు ఇక్కడే ఉన్నాడు. పదిమందిలో తూచి, నోటితో చెబుతున్నాడు.

"మామా, ఆ రెండు సేర్లు నిజమేనా?"

"అబద్ధమైతే కోస్తనా?" అన్నాడు, రైతులందరూ వినేలా.

"అయితే ఈ బండ్ల వడ్లు ఇప్పుడే ఆడియ్యి. ఇరవై బస్తాలు. పెద్దమనుషులు ఉండంగనే సంచి తూద్దాం."

సంచి దులిపి కట్టారు. మిల్లు ఆడింది. ఇరవై బస్తాలయ్యాక సంచి విప్పి కాటా మీద పెట్టారు. పది సేర్లు తూగింది.

"ఇరవై బస్తాలకు, రెండు సేర్ల చొప్పున, నలభై సేర్ల దుమ్ము లోపలికి పోయింది," అన్నాను పెద్దలతో. "లెక్క నాది కాదు, మామది. సంచిల పడ్డది పది. అంటే నూటికి ఇరవై అయిదు. తొంభై కాదు. మిగిలిన ముప్పై సేర్లు ఏడికి పోయినయ్? మా పెరట్లకు, మా అమ్మ ఊపిరిలకు."

"దుమ్ము అంతుండదయ్యా!" అన్నాడు కోదాడ ఆయన, తన మిషన్ పరువు కోసం. "బస్తాకు అర సేరుంటే ఎక్కువ. ఉన్నదంతా పట్టిందది."

తూకం దగ్గరి రైతులు ఇటు తిరిగారు. గొంగడి ముసలాయన ముందుకొచ్చాడు.

"ఏమన్నవు దొరా? మల్ల ఒక్కసారి అను."

"అదేనండీ, దుమ్ము అర సేరే..."

"నోర్ముయ్యి!" అని మామ అరిచాడు.

ఇక ఆయనకు రెండే దారులు. దుమ్ము రెండు సేర్లయితే మిషన్ పనికిరాదు. మిషన్ మంచిదైతే తరుగు దొంగతనం. మిషన్ ఒక్కసారి కొన్నది. తరుగు ఏటేటా, బస్తా బస్తాకూ వచ్చేది. ఆయన లెక్క వెయ్యడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎంతైనా మా అమ్మ తమ్ముడు.

"కంత్రీ సామాను అంటగట్టిండు వీడు," అని కోదాడ ఆయన మీదికి లేచాడు. "దుమ్ము రెండు సేర్లే ఉంటది. మిషనే పడ్తలేదు."

"తప్పు మాట అనకండి! నా సరుకు బంగారం!"

"బంగారమైతే మెడల కట్టుకొని కోదాడకు పో."

పెద్దలు తీర్పు చెప్పారు. దుమ్ములో మూడు వంతులు బయటికి పోతున్నదని మిల్లాయనే ఒప్పుకున్నాడు కనుక, గరాటు పైన పోయే గాలిని ఒక మూసిన గదిలోకి తోలి, గోనెపట్టాల తెరల గుండా పోనివ్వాలి. గాలి పోయే కిటికీ మా ఇంటి వైపు ఉండకూడదు. మామ పళ్లు కొరుకుతూ గది కట్టించాడు.

నేను వేసిన లెక్క తప్పని నాకు తెలుసు. పదీ నలభైలో పది నిజం, కాటా మీద చూసింది. నలభై అబద్ధం. తరుగు కోసేవాడికి తరుగు ఎంత అబద్ధమో తెలియదా? లోపలికి పోయిన దుమ్ము ఎంతో ఆ రోజు ఎవరికీ తెలియదు. కానీ ఆ అబద్ధం ఆయన సొంతం. దాన్నే తెచ్చి ఆయన నెత్తిన పెట్టాను. బేరంలో ఎదుటివాడి రాయితో ఎదుటివాణ్ణి తూచడం కంటే చవక ఏముంది?

గది కట్టాక వచ్చిన చలికాలంలో ఇంకో తమాషా జరిగింది. గొంగడి ముసలాయన మళ్లీ వచ్చాడు, వెంట నలుగురైదుగురితో. మళ్లీ ఇరవై బస్తాలు ఆడాయి. సంచీ గదీ రెండూ ఊడ్చి తూచమని కూర్చున్నారు. సంచిలో పది, గదిలో ఐదు.

"నలభై కోసినవ్, పదిహేను సూపిస్తున్నవ్. గది కూడ కట్టినవ్. ఇగ మిగిలింది ఏడున్నది సేటు? నీ కడుపులనా?"

మామ తరుగు సేరుకు దించాడు. ఆ సాయంత్రం మా కొట్టు ముందు నిలబడి, బజారంతా వినేలా అరిచాడు. "ఇప్పుడు దుమ్ము ఇరవై సేర్లే. పట్టింది పదిహేను. నూటికి డెబ్బై అయిదు! నీ ఇరవై అయిదు ఏడికి పోయింది రా, లెక్కలోడా?" తరుగు మారకపోతే నలభైలో పదిహేనే. ఒక్క బోల్టు తిప్పకుండా, నోటి మాటతో పనితనం రెట్టింపైంది. కోదాడ ఆయన కంపెనీ కూడా తొంభైని ఇలాగే తెచ్చి ఉంటుందని నాకప్పుడు తట్టింది. నేను బదులు చెప్పబోతే లోపలినుంచి అమ్మ పిలిచింది.

"వాణ్ణి లోపలికి రమ్మను."

మామ వచ్చాడు గాని గడప దాటలేదు. నా వైపు చూడలేదు.

"అక్కా, ఎట్లున్నది? నీ కొడుకు ఏమేమో లెక్కలు సెప్తుండు. నువ్వు సెప్పు. తగ్గిందా, లేదా?"

"తగ్గింది."

"గట్లను! ఎంత తగ్గింది?" అన్నాడు, ఇప్పుడు నా వైపు తిరిగి.

అమ్మ చాప మీద ఉంది. మోచెయ్యి ఆనించి కొంచెం లేచింది, దగ్గు వచ్చింది, ఆగేదాకా ఆగింది.

"నిరుడు కూసోని దగ్గిన. ఇప్పుడు పండుకొని దగ్గుతున్న. అది నూటికి ఎంతనో నీ కోదాడాయన్ను అడుగు పో."

ఆయన చెప్పులు తొడుక్కొని వెళ్లిపోయాడు. అమ్మ అటు తిరిగి పడుకుంది.