దొర పెట్టిన చెవుల పరీక్ష

ఇన్నేళ్లయినా మా దొర గడీ ముందు నుంచి పోతే నా ఒళ్లు మండుతుంది.

మాది బిజినేపల్లికి కోసెడు దూరంలో ఉన్న చిన్న ఊరు. యుద్ధానికి మనుషులు కావాలని సర్కారు వాళ్లు వస్తే, మా దొర తన ఇంటివాళ్లలో ఒక్కణ్ణీ పంపలేదు. దొర మెట్టభూమి, ఒక చెలక, కౌలుకు చేసే మా ఆయన్ని పంపాడు. "నువ్వు వచ్చేదాంక నీ చెలక నీదే, పో" అన్నాడు. నమ్మాం. ఆయన లేని రెండేళ్లూ చెలక నేనే చూసుకున్నాను.

మా ఆయన్ని ఫిరంగుల పటాలంలో వేసుకున్నారు. బర్మా అడవుల్లో ఫిరంగికి గుండ్లు అందించడం ఆయన పని. తిరిగొచ్చేసరికి కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి, చెవులే పోయాయి. పక్కన నిలబడి గొంతు చించుకుంటే తప్ప ఒక్క మాట ఎక్కదు. పటాలం వాళ్లిచ్చిన కాగితంలో మాత్రం ఒంటి మీద గాయమేమీ లేదని రాసుంది. గాయమంటే నెత్తురు కారాలి కాబోలు!

ఒకరోజు పొద్దున ఆయన బాటకు వీపు పెట్టి కూర్చుని నాగలి మేడి చెక్కుతున్నాడు. వెనక దొర కచ్చురం బండి వచ్చింది. దొర పోతుంటే లేచి, చెప్పులు చేత పట్టుకుని నిలబడాలి. అదీ మా ఊరి ఆచారం, నాశనం గాను! బండివాడు అరిచాడట. ఈయన లేవలేదు.

సాయంత్రం గడీకి పిలిపించారు. నేనూ వెంట పోయాను.

"పటాలం పోయొచ్చి మస్తు బలిసినవేందిరా?" అన్నాడు దొర.

"నీ బాంచెన్ దొరా, నా మొగనికి చెవులు ఇనవడయి" అన్నాను.

"గట్లనా? చూద్దాం."

దొర సైగ చేస్తే జీతగాడొకడు, బావిలో రాళ్లు పేల్చే మందు గుడ్డలో గట్టిగా చుట్టి, మా ఆయన వెనక పెట్టి అంటించాడు. నేను నోరు తెరిచేలోపే పేలింది. కాళ్ల కింద నేల అదిరింది. మా ఆయన బోర్లా పడి, నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. ఒళ్లంతా వణుకుతోంది. గడీలో అందరూ పకపకా నవ్వారు.

"ఇన్నడు! ఇన్నడు! దొంగ నా కొడుకు!" అన్నాడు దొర.

"చెవులతోని కాదు దొరా, కాళ్లకు అదిరింది. రెండేండ్లు గా అదురులనే బతికిండు" అని మొత్తుకున్నాను. ఎవరు వింటారు? చెవులున్నవాళ్లు అంతమంది ఉన్నారక్కడ. చెలక వేరేవాళ్లకు ఇస్తున్నానని దొర అక్కడికక్కడే చెప్పేశాడు.

మా ఆయన లేచి దుమ్ము దులుపుకున్నాడు. దొరకు పటాలం సలాం కొట్టాడు. నేను ఆయన రెక్క పట్టి గడీ బయటికి లాక్కొచ్చాను. దారిలో ఆయన నా ముఖంలోకి చూసి, "అందరు నవ్విన్రు గద. దొర కోపం పోయినట్టేనా? రేపు చెలకల నాగలి కడ్తనే" అన్నాడు.

మెల్లగా చెబితే ఆయనకు వినపడదు. నడిబజార్లో, ఊరంతా వాకిళ్లలోంచి చూస్తుంటే, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, మన చెలక పోయిందని అరిచి చెప్పాను. రెండుసార్లు అరవాల్సి వచ్చింది.