జవాబు లైటు

మొన్న అటక సర్దుతుంటే నాన్న పాత బ్యాటరీ లైటు దొరికింది. వెనక మూత తిప్పగానే చిలుము వాసనతో పాటు సన్నగా మిరప ఘాటు తగిలి తుమ్మొచ్చింది. కృష్ణ దాటిన బస్తాల దుమ్ము ఆ గొట్టంలో ఇంకా మిగిలే ఉంది.

తుళ్లూరు వైపు మా ఊరి రేవులో నాన్న, పెదనాన్న చెరొక బల్లకట్టు నడిపేవాళ్లు. రెండు పడవల మీద పలకలు పరిచి ఇంజను బిగిస్తే, ట్రాక్టర్లూ పత్తి లోడ్లూ బర్రెలూ మనుషులూ అన్నీ దాని మీదే ఏరు దాటేవి. మిరపకోతల రోజుల్లో అమ్మ కూలికి పెందలాడే వెళ్లిపోయేది. బడి అవతలి ఒడ్డున కాబట్టి నేను నాన్న తువ్వాలు చెవులకు చుట్టుకుని, డీజిలు వాసన పీలుస్తూ, ముందు పలక మీద ఆ లైటు పట్టుకుని కూర్చునేదాన్ని. బడి వేళకీ ఏటి మీద మంచు విడిచేది కాదు. ఎదురుగా ఇంజను చప్పుడు వినపడితే, మేం ఏ పక్క నుంచి తప్పుకుంటామో ఆ పక్కన లైటు ఊపాలి. మేం కుడిపక్కన ఊపితే వాళ్లూ తమ కుడిపక్కనే ఊపాలి. ఆ జవాబు వచ్చేదాకా ఇంజను తగ్గించి ఆగాల్సిందే.

రాజధానికి పొలం ఇచ్చే దగ్గర అన్నదమ్ములకు చెడింది. ఉమ్మడి పొలంచెక్క ఇచ్చేద్దామని పెదనాన్న, ఇవ్వనని నాన్న. ఆ క్రిస్మస్‌కి పెదమ్మ అరిసెలు మా ఇంటికి రాలేదు. తోబుట్టువుల్లేని నాకు పెదనాన్న అరుగే ఆటస్థలం. ఆ గుమ్మం తొక్కొద్దని నాన్న అన్నాక సాయంత్రాలు పుస్తకాలతోనే గడిచాయి. ఆయనకు నేను ఇంకా కావాలో అక్కర్లేదో అడిగే ధైర్యం లేదు.

ఏటి మీద మాత్రం లైటుకి లైటు వచ్చేది.

"ఏరా, ఒడ్డున పలకరు, నీళ్లలో పలుకుతారు! మీ ఇద్దరికీ ఏటి మధ్యలో ఇల్లు కట్టించాలి," అన్నాడొక మిరప రైతు.

"ఇక్కడ పంతానికి పోతే మునిగేది నీ బస్తాలే బాబాయ్," అన్నాడు నాన్న. "ఊపవే బుజ్జీ, నిద్రపోతున్నావా?"

కుడిపక్కన ఊపాను. మంచులోంచి జవాబు వచ్చింది. ఏం తోచిందో, అవసరం లేకుండా ఇంకోసారి ఊపాను. కాసేపు తెల్లటి మంచే. తర్వాత అవతల లైటు కూడా ఇంకోసారి, నెమ్మదిగా ఊగింది. నాన్న చూసి ఇంజను పెంచాడు. ఆ రోజు నుంచి బల్లకట్లు ఆగిపోయేదాకా, ఎదురైన ప్రతిసారీ పెదనాన్న లైటు రెండో ఊపు నాకే.

ఇప్పుడు వంతెన ఉంది. రేవులో తుమ్మచెట్లు మొలిచాయి. నిన్న పొద్దున్న మంచులో వంతెన మీదుగా నాన్నను స్కూటీ మీద తీసుకొస్తుంటే, ఎదుటి దారిలో పెదనాన్న మోపెడ్ కనిపించింది. హెడ్‌లైటు ఆర్పి వెలిగించాను, మళ్లీ ఒకసారి. ఆయన తల తిప్పకుండా వెళ్లిపోయాడు.

"చూళ్లేదేమోలే," అన్నాడు నాన్న వెనకనుంచి.

అయ్యుండొచ్చు. వంతెన మీద మధ్యలో ఎత్తుగా డివైడర్ కట్టారు. ఎటు నుంచి తప్పుకోవాలో ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు.