డ్రైవరన్న ఒప్పుకున్న నేరం

పోయిన సోమవారం నేను కోర్టుకు బయల్దేరబోతుంటే, కోవూరు రైసుమిల్లులో మూటలు మోసే మనిషి ఒకతను నెల్లూరులో మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"డ్రైవరు పోయినాడు సామీ. పొద్దున్నే రక్తం కక్కుకున్నాడు. మీకు చెప్పి రమ్మని ఆయన ఇంటామె పంపించింది" అన్నాడు.

పదేళ్ళుగా ఆయన స్టీరింగు ముట్టుకోలేదు. ఆ మిల్లులోనే మూటలు మోశాడు. అయినా ఊరు ఆయన్ను డ్రైవరనే పిలిచింది. నాకు డ్రైవరన్న. కోవూరులో వాళ్ళ ఇంటికీ మా పాత ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆయన పొద్దున్నే దగ్గితే మా అమ్మ పొయ్యి రాజేసేది.

పందొమ్మిదివందల యాభైల చివర ఆయన ఒక ప్రైవేటు బస్సు నడిపేవాడు. నెల్లూరు నుంచి తోటపల్లి గూడూరు మీదుగా సముద్రపు ఒడ్డు పల్లెలకు పోయే బస్సది. బయల్దేరే ముందు బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, ప్రతి చక్రాన్నీ గొడ్డును తట్టినట్టు తట్టేవాడు. గంపలెత్తుకున్న చేపలామెలను కండక్టరు కంపు కంపని విసుక్కుంటే, "కంపు కొట్టేది చేప గాదురా, నీ నోరు" అని వాళ్ళను ఎక్కించుకునేదాకా బస్సు కదిలించేవాడు కాదు. ఎదురుగా ఎడ్లబండి వస్తే తనే బస్సును రోడ్డు పక్కకు దించేవాడు. "దానికి రివర్సు గేరు లేదబ్బయా, మనకుండాది" అనేవాడు.

అప్పుడే నేను కొత్తగా ప్లీడరునై నెల్లూరులో ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గర జూనియరుగా చేరాను. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే లారీలవాళ్ళూ, బస్సులవాళ్ళూ డ్రైవరన్న కోసం వచ్చి, నన్ను చూసి తమ కేసులు చెప్పుకునేవాళ్ళు. ఎక్కువమందిని ఎక్కిస్తే ఏం శిక్ష, లైటు లేకపోతే ఏం శిక్ష, పోలీసు రాసుకున్న కేసు ఎక్కడికి పోతుంది? జరిమానా కట్టేస్తే అయిపోయిందనుకునేవాళ్ళు చాలామంది. అయిపోదనీ, కోర్టు వేసిన శిక్షను లైసెన్సు వెనక పేజీల్లో కూడా రాస్తారనీ, రేపు పెద్ద కేసు వచ్చినప్పుడు జడ్జీ మొదట ఆ పేజీలే తిప్పుతాడనీ చెప్పేవాణ్ణి. డ్రైవరన్న చొక్కా జేబులోంచి తన లైసెన్సు తీసి వెనక పేజీలు చూపించేవాడు. ఒక్క గీత కూడా ఉండేది కాదు. ఆ తెల్ల కాగితాలంటే ఆయనకు గర్వం.

కోతల కాలంలో ఒక సాయంత్రం అంతా తలకిందులైంది. ఆలస్యంగా వస్తే ఉద్యోగం తీసేస్తానని బస్సు యజమాని ఆ పొద్దే అన్నాడు. మునిచీకటి వేళ తోటపల్లి గూడూరు దాటినాక ఒక మలుపులో, గడ్డి వేసుకుని పోతున్న ఎడ్లబండిని బస్సు వెనక నుంచి కొట్టింది. బండికి దీపం లేదు. బండాయన రోడ్డు మీద పడ్డాడు. ఒక ఎద్దు అక్కడే చచ్చిపోయింది.

అలాంటప్పుడు డ్రైవర్లు పొలాలకు అడ్డంపడి పారిపోతారు. జనం కొట్టి చంపుతారని భయం. డ్రైవరన్న పారిపోలేదు. బండాయన్ను ఎత్తి బస్సులో పడుకోబెట్టుకుని నెల్లూరు పెద్దాసుపత్రికి తోలాడు. దారిలోనే ప్రాణం పోయింది. అక్కణ్ణించి తనే నడిచి పోలీసు స్టేషనుకు పోయాడు.

నిర్లక్ష్యంగా నడిపి మనిషి చావుకు కారణమయ్యాడని కేసు పెట్టారు. యజమాని మా సీనియరు గారిని పెట్టాడు. డ్రైవరు మీద ప్రేమతో కాదు. చనిపోయినాయన భార్య నష్టపరిహారం దావా వేస్తే ఎగ్గొట్టడానికి. తప్పు బండివాడిదని తేలితే డ్రైవరు బయటపడతాడు, దావా కూడా వీగిపోతుంది. సీనియరు గారు నన్ను పిలిచి, "ఆ బండివాడి మీద ఇదివరకు దీపం లేని కేసులు ఏమన్నా ఉన్నాయేమో వెతుకు" అన్నారు.

వెతకడం సులువు కాదు. చిన్న కేసుల రికార్డులు పేరు మీద ఉండవు, తేదీ మీద ఉంటాయి. ముందు పోలీసు స్టేషనులో అడిగి ఏ నెలలో పట్టుకున్నారో తెలుసుకోవాలి. ఆ తరువాత కోర్టు రికార్డు గదిలో గుడ్డమూటలు విప్పించాలి. పాతబడినవి తగలబెట్టేసి ఉంటారు. ఒకే పేరుగలవాళ్ళు ఊరికి నలుగురుంటారు, తండ్రి పేరు కలవాలి. దుమ్ముకు తుమ్ముతూ కూర్చుంటే, చివరికి దొరికింది. చీకటి పడ్డాక దీపం లేకుండా బండి తోలినందుకు రెండుసార్లు శిక్ష పడింది. ఒకసారి జరిమానా కట్టాడు. రెండోసారి కట్టలేక, కోర్టు లేచేదాకా అక్కడే నిలబడే శిక్ష అనుభవించాడు. స్టాంపు అంటించి నకలు తీసుకున్నాను.

ఆ సాయంత్రం డ్రైవరన్నకు సంతోషంగా చెప్పాను. ఇక భయం లేదన్నా అన్నాను. ఆయన సంతోషపడలేదు.

"లాంతరు కొనలేనోణ్ణి లాంతరు లేదని నిలబెట్టినారా?" అన్నాడు.

"చట్టమన్నా అది."

"సరే. అది చూపిస్తే ఆమె దావా ఏమవుతుంది?"

నేను దాచలేదు. "నిలబడడం కష్టం" అన్నాను.

మర్నాడు నేను వద్దంటున్నా వినకుండా బండాయన భార్యను చూడడానికి వాళ్ళ పల్లెకు పోయాడు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"తిట్టుంటే బాగుండునబ్బయా. మిగిలిన ఎద్దుకు గడ్డి వేస్తా ఉండింది. ఎవరు నాయనా అనింది. ఫలానా అని చెప్పినా. చేతిలో గడ్డి కింద పెట్టి, 'దోవలో ఆయన ఏమన్నా అన్నాడా?' అనడిగింది."

"ఏం చెప్పావు?"

"నీళ్ళడిగినాడు, తాపించినా అని చెప్పినా."

"అడిగాడా?"

"అడిగేదానికి ఊపిరి యాడుండాది!" అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

విచారణ రోజు ఆమె సాక్షిగా వచ్చింది. మా సీనియరు గారు లేచి ఆ నకలు చేతిలోకి తీసుకుని, "అమ్మా, నీ భర్తకు ఇదివరకు ఏమైనా శిక్షలు పడ్డాయా?" అని మొదలుపెట్టారు. ఆమెకు అర్థం కాలేదు. జైలుకు పోయిన మనిషా అని అడుగుతున్నారనుకుందేమో, తల అడ్డంగా ఊపుతూ ఏడవడం మొదలుపెట్టింది.

బోనులోంచి డ్రైవరన్న గొంతు వినిపించింది. "అయ్యా, ఆ కాగితం చదవబాకండి. తప్పు నాది."

సీనియరు గారు వెనక్కి తిరిగి నోరు మూసుకోమని సైగ చేశారు. మేజిస్ట్రేటు గారు కలం కింద పెట్టారు. ఏం అంటున్నాడో తెలిసే అంటున్నాడా అని అడిగారు. జైలు పడుతుందనీ, లైసెన్సు పోతుందనీ ఒకటికి రెండుసార్లు విడమరిచి చెప్పారు.

"తెలుసయ్యా. కోతలప్పుడు ఆ వేళకు గడ్డిబండ్లు ఆ మలుపులోకి వస్తాయి. దీపాలుండవు. అది కూడా నాకు తెలుసు. తెలిసీ నేను వేగం తగ్గించలా. తెలియనోడైతే దీపం లేదనొచ్చు. నేనెట్టంటాను?"

ఆరు నెలల జైలు. లైసెన్సు రద్దు. ఆ తెల్ల పేజీల మీద గుమాస్తా శిక్ష రాసి, ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాడు.

ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోకి పోలేదు. డ్రైవరన్న భార్య, మా వదినే గోడ మీదుగా పిలిచింది. ముగ్గురు బిడ్డలు ఆమె చుట్టూ ఉన్నారు. "చదువుకున్నోళ్ళు అంతమంది ఉండారు గదా, ఆయన నోరు ఒక్కటి మూయలేకపోయినారా?" అంది.

ఆ మాట ఊరికే పోలేదు. ఆయన జైల్లో ఉండగానే పెద్దపిల్ల బడి మానేసి నాట్లకు పోయింది. తిరిగొచ్చాక ఏ యజమానీ ఆయన్ను క్లీనరుగా కూడా పెట్టుకోలేదు. తప్పు ఒప్పుకునే మనిషితో ప్రమాదమని వాళ్ళ భయం. మిల్లులో చేరాడు. తవుడు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగింది. అటు ఆ దావా ఏళ్ళ తరబడి నడిచి, ఆమె చేతికి వచ్చింది చచ్చిపోయిన ఎద్దు స్థానంలో ఇంకోదాన్ని కొనడానికి సరిపోయింది. అంతే. ఎవరూ బాగుపడలేదు. ఇది చెప్పకుండా ఆయన్ను పొగిడితే అబద్ధమవుతుంది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఎందుకట్లా చేశావన్నా అని. మూట దించి నడుము పట్టుకుని నిలబడి, "ఆమె మొగుడు చచ్చిపోయింది చాలక, వాడిదే తప్పని ఆమె చెవిలో పడాల్నా?" అన్నాడు. మళ్ళీ మూట ఎత్తుకున్నాడు.

సోమవారం పెన్న ఒడ్డున దహనం ముగించుకుని వాళ్ళింటికి వచ్చాక వదిన దగ్గర కూర్చున్నాను. ఆమె ఏడవడం లేదు. "మంచోడే. మాకు తప్ప అందరికీ" అంది. మళ్ళీ తనే, "నిద్రలో కూడా ఒకర్ని ఒక మాట అనలా, నన్ను కూడా అనలా" అంది. అప్పుడు ఏడ్చింది.

చట్టం చదివినవాణ్ణి. శిక్షలు తెలుసు, ఎవరికి ఏది పడుతుందో చెప్పగలను. ఆయన అనుభవించినది ఏ సెక్షనులో ఉందో ఈనాటికీ చెప్పలేను. కోర్టులో ఇన్నేళ్ళుగా చాలా ఒప్పుకోళ్ళు విన్నాను. లాభం లేని ఒప్పుకోలు ఆ ఒక్కటే విన్నాను.

కిందటేడు చుట్టాలింట్లో కర్మంతరముంటే ఆయనా నేనూ కలిసి బస్సులో చిల్లకూరు పోయాం. కిటికీ పక్కన కూర్చున్నాడు. నెల్లూరు దాటినాక నిద్రపోతున్నాడనుకున్నాను. కళ్ళు మూసే ఉన్నాయి. ఎదురుగా బండి హారను వినిపించినప్పుడల్లా, రోడ్డు వంపు తిరిగినప్పుడల్లా, ఆయన కుడిపాదం మాత్రం చెప్పులోంచి బయటికొచ్చి, ఖాళీ నేలను మెల్లగా, గట్టిగా తొక్కుతూ ఉంది.