ముందే రాసిన విహారయాత్ర

మా బడిలో విహారయాత్ర గురించి పిల్లలు రాసే వ్యాసం యాత్రకు ముందు రోజే పూర్తయ్యేది. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. నాచారంలో ఫ్యాక్టరీల వెనక ఉన్న ఆ ప్రైవేటు బడిలో నేను మూడో తరగతికి తెలుగు చెప్పినన్నాళ్లూ ఇదే పద్ధతి. యాత్ర శుక్రవారం, తల్లిదండ్రుల సమావేశం శనివారం. ఆ మధ్యలో ముప్పై ఎనిమిది మంది పిల్లలు చూసింది తలుచుకుని, తప్పులతో రాసి, దిద్దుకుని, మళ్లీ రాయాలంటే ఎక్కడ కుదురుతుంది? అందుకే గురువారం నేను బోర్డు మీద రాసేదాన్ని, వాళ్లు నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకునేవాళ్లు. చూడబోయేదాన్ని చూసేసినట్టు రాయించడంలో నా అంత చేయి తిరిగిన మనిషి ఉప్పల్ చుట్టుపక్కల ఇంకొకరు ఉండరు.

ఒక ఏడాది బోర్డు మీద నా రచన ఇలా సాగింది: 'మేము పల్లె వాతావరణమును చూచితిమి. తెల్లని ఆవును చూచితిమి. పాలు పిదుకుట నేర్చుకొంటిమి. మాకు మిక్కిలి ఆనందము కలిగెను.' ఎనిమిదేళ్ల పిల్లలు ఈ భాషలో ఎందుకు ఆనందపడతారని ఏ తండ్రీ అడగలేదు. దస్తూరీ బాగుంటే చాలు.

ఆఖరి బెంచీలో ఒక పిల్ల ఉండేది. బోర్డు మీద ఉన్నదాన్ని గుండ్రంగా, ఒక్క తప్పు లేకుండా దించేది. మీ ఇంట్లో ఎవరెవరుంటారో రాయమంటే మాత్రం పెన్సిల్ చెక్కుకుంటూ గంట గడిపేది. బడి తెరిచిన దగ్గర్నుంచీ సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు. వాళ్లమ్మ బట్టలు కుట్టే కంపెనీలో పని చేసేది, చదువు రాదు. ప్రతి సమావేశానికీ సగం పూట సెలవు పెట్టి వచ్చి ఒకటే మాట అడిగేది. "నా బిడ్డ తనంతట తాను ఎప్పుడు రాస్తది టీచరమ్మా? సూసి రాసుడు నాక్కూడ వస్తది." వచ్చే సమావేశానికి తప్పకుండా రాస్తుందని మాటిచ్చాను. ఊరికే ఇచ్చిన మాట కాదు, నిజంగానే ఆ పిల్ల కోసం ఎదురుచూస్తుండేదాన్ని.

శుక్రవారం బస్సు బయల్దేరింది. ఉప్పల్ చౌరస్తా దాటడానికే ముప్పావు గంట పట్టింది. అన్నోజిగూడ దగ్గర రోడ్డు దిగి లోపలికి పోతే ఒక తోట. ముహూర్తాలున్నప్పుడు అది పెళ్లిమండపం, లేనప్పుడు ప్రకృతి శిబిరం. గేటు దగ్గర ఎవరిదో పెళ్లి బ్యానరు ఇంకా వేలాడుతోంది. ప్రిన్సిపాల్ గారు దిగుతూనే "అనుభవపూర్వక విద్య" అన్నారు. ఆ మాట ఆయన రోజుకు నాలుగుసార్లు అనేవారు, జిలేబీ చప్పరించినట్టు.

మొదటి అనుభవం మొక్క నాటడం. గొయ్యి ఒకటి, జామ మొక్క ఒకటి. ఒక్కొక్కరూ వచ్చి దాన్ని గోతిలో పెట్టడం, ఫోటో దిగడం, మళ్లీ బయటికి తీసి తర్వాతివాళ్ల చేతికివ్వడం. నల్ల కవరు కూడా విప్పలేదు. ఇరవయ్యో పిల్లాడి చేతికొచ్చేసరికే దాని ఆకులు రాలిపోయాయి. ఆ ఫోటోలు పెట్టగానే పేరెంట్స్ గ్రూపు నిండా చప్పట్లు, దండాలు. 'సేవ్ ఎర్త్' అని ఒక తండ్రి పెట్టాడు.

తర్వాత ఆవు. కొట్టం ఖాళీగా ఉంది. తోట చూసుకునే మనిషి తల గోక్కుంటూ వచ్చాడు.

"ఆవు గృహప్రవేశానికి పోయింది సార్. బోడుప్పల్‌ల కొత్త అపార్టుమెంటు. ఇంటింటికి తిప్పుతున్నరు. సాయంత్రందాక రాదు."

ప్రిన్సిపాల్ గారు కోస్తా మనిషి, కంగారు పడే రకం కాదు. "పర్లేదండీ, కొట్టం ముందు నిలబెట్టి ఫోటో తీసేయండి. ఆవు ఫోటోలో పడలేదనుకుంటారు" అన్నారు.

పిల్లల్ని నిలబెట్టి లెక్కపెడితే ఒకరు తక్కువ. ఆ పిల్ల కొట్టం వెనక కింద కూర్చుని ఉంది. గుంజకు కట్టేసిన దూడ ఒకటి తల్లి కోసం అరుస్తోంది. పిల్ల దాని మెడ కింద చెయ్యి పెట్టి, ఏదో చెబుతోంది. తరగతిలో ఎవరితోనూ పెదవి విప్పని పిల్ల. నేను రెక్క పట్టుకుని లాక్కొచ్చి వరసలో నిలబెట్టాను.

శనివారం పొద్దున ఆ పిల్ల తనంతట తాను నా బల్ల దగ్గరికొచ్చి నోటుపుస్తకం తెరిచింది. నేను రాయించిన పేజీకి ఎదురుపేజీలో, వంకరటింకర అక్షరాలతో ఇలా ఉంది: 'ఆవు లేదు. వేరేవాళ్ల ఇంటికి పోయింది. దూడ ఒక్కతే ఉంది. మస్తు అరిసింది. నేను పక్కన కూసున్న. అప్పుడు అరవలే.'

నాకు కళ్లు చెమర్చాయి. ఆ సంతోషం గంట కూడా నిలవలేదు. పుస్తకాలు చూడ్డానికి వచ్చిన ప్రిన్సిపాల్ గారు ఆ పేజీ దగ్గర ఆగిపోయారు.

"ఇదేంటండీ, ఆవు లేదని రాసింది? మొత్తం క్లాసు పాలు పితికితే ఈ పిల్లకి ఆవే లేదా? పేరెంట్సు చూస్తే నా పరువేం కాను? తీసేయండి."

ఆయన్ని ఎన్నయినా అనగలను, అంటూనే ఉన్నాను. కానీ ఆ పేజీ చింపింది ఆయన చేతులు కావు. ఎదురు చెప్పాలని నోటిదాకా వచ్చింది, ఉద్యోగం గుర్తొచ్చి మింగేశాను. కుట్టిన పుస్తకం కదా, చిరుగు కనిపించకుండా స్కేలు పెట్టి జాగ్రత్తగా చింపాను. పిల్ల బల్ల పక్కనే నిలబడి చూసింది, ఏడవలేదు.

మధ్యాహ్నం వాళ్లమ్మ వచ్చింది. పుస్తకంలో మిగిలిన పేజీ మీద వేలితో నిమిరింది.

"ఇది సూసి రాసిందా టీచరమ్మా, సొంతంగ రాసిందా?"

"సొంతంగానే రాసింది" అన్నాను. అంత నీచంగా నేను ఎన్నడూ మాట్లాడలేదు.

ఆమె ముఖం విప్పారింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని అడిగింది. "ఏం రాసినవ్ బిడ్డా? ఆవును సూసినవా? ఎట్లుండె, ఏం రంగు?"

పిల్ల తల్లి వైపు చూడలేదు. నా ముఖం వైపు, నా వెనకున్న బోర్డు వైపు చూసింది.

"తెల్లగుండె అమ్మా" అంది.